స్నానాల గదికి స్వయంగా టైల్స్ అతికించుకోవడం

నిర్వచనం, పరిధి

స్నానాల గది గోడలకూ నేలకూ టైల్స్ అతికించే పనిని తాపీ మేస్త్రికి అప్పగించకుండా, వృత్తి శిక్షణ లేని ఇంటివారే తీరిక వేళల్లో చేసుకునే పద్ధతిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బంకమట్టి, ఫెల్‌స్పార్, క్వార్ట్జ్ వంటి ఖనిజాల పొడిని అచ్చులో ఒత్తి, కొలిమిలో కాల్చి తయారుచేసిన పలుచని పలకను టైలు అంటారు. గోడ మీద కనిపించేది టైలు మాత్రమే అయినా, దాని కింద బరువును మోసే ఆధార తలం, నీటిని ఆపే తేమ నిరోధక పొర, టైలును పట్టి ఉంచే అతుకు పొర ఉంటాయి. టైళ్ల మధ్య సందులను నింపే మెత్తని మిశ్రమాన్ని గ్రౌటు అంటారు. టైలూ గ్రౌటూ కలిసి నీటిని ఆపుతాయన్న నమ్మకం చాలామందిలో ఉన్నా అది సరికాదు. సిమెంటు గ్రౌటులోని సూక్ష్మ రంధ్రాల గుండా నీరు మెల్లగా వెనక్కి చేరుతూనే ఉంటుంది, దాన్ని నిలువరించేది వెనుక ఉన్న పొర. స్వయంగా చేసుకున్న పనుల్లో తలెత్తే లోపాల్లో ఎక్కువ భాగం పైకి కనిపించే పొరలో కాక, పని ముగిశాక ఎవరికీ కనబడని ఈ కింది పొరల్లోనే ఉంటాయి.

చరిత్ర

గోడలను రంగు పలకలతో కప్పే పద్ధతి ప్రాచీన ఈజిప్టు నాటిది. సక్కారాలో క్రీ.పూ. 27వ శతాబ్దికి చెందిన జోసర్ మెట్ల పిరమిడ్ భూగర్భ గదుల గోడలకు నీలిరంగు ఫేయాన్స్ పలకలు పొదిగారు. మొహెంజొదారో మహాస్నానవాటికలో టైల్స్ లేకపోయినా, దగ్గరదగ్గరగా పేర్చిన ఇటుకలను జిప్సం గచ్చుతో బిగించి, వాటి వెనుక తారు పొర వేసి, నీరు ఒక మూలకు పోయేలా అడుగును వాలుగా కట్టారు. కంటికి కనిపించే పొర వేరు, నీటిని ఆపే పొర వేరు అన్న సూత్రానికి దక్షిణాసియాలో ఇది చాలా పాత ఉదాహరణ. తెలుగు నేల మీద మెరుగు పలకల పనికి పేరుపొందినది హైదరాబాదులోని బాద్‌షాహీ ఆషుర్‌ఖానా. కుతుబ్‌షాహీల కాలం నాటి ఆ రంగురంగుల అలంకరణ ఇప్పటికీ గోడల మీద ఉంది.

టైలు సామాన్యుల ఇళ్లకు చేరడానికి యంత్ర తయారీ కారణమైంది. పొడిగా ఉన్న బంకమట్టిని అచ్చులో ఒత్తే విధానానికి రిచర్డ్ ప్రోసర్ 1840లో ఇంగ్లండ్‌లో పేటెంటు పొందగా, స్టోక్-ఆన్-ట్రెంట్‌లో కుండల కర్మాగారం నడిపిన హెర్బర్ట్ మింటన్ దాన్ని టైల్స్ తయారీకి వినియోగించాడు. అయినా 20వ శతాబ్ది మధ్య వరకు టైల్స్‌ను అంగుళం మందపు తడి సిమెంటు మాలులో కూర్చోబెట్టేవారు. మాలు గట్టిపడేలోగా మట్టం సరిచేయాల్సి రావడం వల్ల ఆ పని చెయ్యి తిరిగిన మేస్త్రికి తప్ప మరొకరికి సాధ్యమయ్యేది కాదు. 1956లో అమెరికాలో లాటిక్రీట్ సంస్థను స్థాపించిన రసాయన ఇంజనీరు హెన్రీ రోత్‌బర్గ్ రబ్బరు పాల వంటి లేటెక్స్‌ను సిమెంటులో కలిపి, కొద్ది మిల్లీమీటర్ల మందంతోనే టైలును పట్టి ఉంచే మిశ్రమాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఈ పలుచని పొర పద్ధతే శిక్షణ లేనివారికి ఈ పనిని అందుబాటులోకి తెచ్చిందనవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూలి రేట్లు పెరిగిన బ్రిటన్, అమెరికాల్లో ఇంటి మరమ్మతులు ఇంటివారే చేసుకునే అలవాటు బలపడింది. 1950ల చివర బీబీసీ టెలివిజన్‌లో బ్యారీ బక్‌నెల్ నిర్వహించిన కార్యక్రమాలు, 1969లో సౌతాంప్టన్‌లో మొదలైన బీ అండ్ క్యూ, 1978లో ఏర్పడిన హోమ్ డిపో వంటి దుకాణాలు దీనికి తోడ్పడ్డాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో టైల్స్ వాడుకలోకి రాకముందు స్నానాల గదుల్లో నాపరాళ్లు, తాండూరు, బేతంచర్ల, కడప బండలు, లేదా నున్నగా తీసిన సిమెంటు గచ్చు ఉండేవి. దేశంలో టైల్స్ తయారీకి ప్రధాన కేంద్రం గుజరాత్‌లోని మోర్బీ కాగా, తెలుగు ప్రాంతంలో సామర్లకోట వంటి చోట్ల కర్మాగారాలు ఉన్నాయి. ఇక్కడ మేస్త్రుల లభ్యత వల్ల స్వయంగా అతికించుకునేవారు అరుదు. అయితే మేస్త్రి పనిని పర్యవేక్షించే ఇంటి యజమానికీ ఇదే పరిజ్ఞానం అవసరమవుతుంది.

టైళ్ల రకాలు

టైళ్లను వర్గీకరించడానికి ముఖ్యమైన కొలమానం నీటి పీల్పు, అంటే పొడి టైలు తన బరువులో ఎంత శాతం నీటిని పీల్చుకోగలదన్నది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13006 ప్రకారం 0.5 శాతానికి మించకుండా పీల్చేవి మొదటి వర్గంలోనూ, 10 శాతానికి మించి పీల్చేవి చివరి వర్గంలోనూ వస్తాయి. భారతదేశంలో ఐఎస్ 15622 ప్రమాణం వర్తిస్తుంది. గోడలకు వాడే సాధారణ సెరామిక్ టైల్స్ చివరి వర్గానికీ, విట్రిఫైడ్ లేదా పోర్సిలేన్ టైల్స్ మొదటి వర్గానికీ చెందుతాయి. పెట్టె మీద వివరం లేనప్పుడు టైలు వెనుక వైపు నీటి బొట్టు వేస్తే తేడా తెలుస్తుంది: సెరామిక్ టైలు మీద అది త్వరగా ఇంకిపోతుంది, విట్రిఫైడ్ టైలు మీద బొట్టు బొట్టుగానే నిలుస్తుంది. దీని ప్రాధాన్యం అతుకు పదార్థాన్ని ఎంచుకునేటప్పుడు తెలుస్తుంది.

నేలకు జారుడు నిరోధం ప్రధానం. అమెరికా ప్రమాణం తడిసే సమతల నేలలకు 0.42 గతిశీల ఘర్షణ గుణకాన్ని కనీస విలువగా పేర్కొంటుంది. జర్మనీలో వట్టి పాదాలతో నడిచే తడి ప్రదేశాలకు ఏ, బీ, సీ అనే తరగతులు ఉన్నాయి. చిన్న పలకలు వాడితే సందుల సంఖ్య పెరిగి కాలికి పట్టు దొరుకుతుంది, నేలకు వాటం ఇవ్వడమూ తేలికవుతుంది. గోడకు ఉద్దేశించిన నిగనిగలాడే టైలును నేలకు వాడడం రూపం కోసం భద్రతను వదులుకోవడమే.

ఒకే నమూనా టైళ్లలోనూ కొలిమి విడతను బట్టి రంగు, పరిమాణం స్వల్పంగా మారతాయి కాబట్టి పెట్టెల మీద షేడ్, సైజు సంకేతాలు ముద్రిస్తారు. అన్ని పెట్టెల మీదా ఒకే సంకేతాలు ఉండేలా చూడాలి, అతికించేటప్పుడు రెండు మూడు పెట్టెల టైళ్లను కలిపి వాడాలి.

అతుకు పదార్థాలు

తెలుగు ప్రాంతంలో చిరకాలంగా ఉన్న పద్ధతి ప్రకారం సెరామిక్ టైళ్లను కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టి, వెనుక సిమెంటు ముద్ద పెట్టి, గోడకు ఒత్తి, తాపీ పిడితో తడతారు. టైలు రంధ్రాల్లోకి సిమెంటు పాలు చొచ్చుకుపోయి గట్టిపడడం వల్ల పట్టు వస్తుంది. విట్రిఫైడ్ టైలులో అటువంటి రంధ్రాలు దాదాపు ఉండవు కనుక, అదే పద్ధతిలో అతికిస్తే సిమెంటు దానికి ఆనుకొని ఉంటుందే తప్ప పట్టుకోదు. గోడ మీది పెద్ద విట్రిఫైడ్ టైల్స్ కొన్నాళ్లకు పలకకు పలకగా ఊడిపడడానికి ఇది ఒక ప్రధాన కారణం. మధ్యలో మాత్రమే ముద్ద పెట్టినప్పుడు టైలు మూలల వెనుక డొల్ల మిగిలి, నేల మీదైతే బరువు పడిన చోట మూల విరుగుతుంది.

టైల్ అడ్హెసివ్ పేరుతో సంచుల్లో దొరికే మిశ్రమంలో సిమెంటు, సన్నని ఇసుకతోపాటు, నీరు త్వరగా ఆవిరి కాకుండా ఆపే సెల్యులోజ్ ఈథర్, పట్టును పెంచే పాలిమర్ పొడి ఉంటాయి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 12004 చదరపు మిల్లీమీటరుకు 0.5 న్యూటన్ల అతుకు బలం ఉన్నవాటిని సీ1 అనీ, 1 న్యూటను ఉన్నవాటిని సీ2 అనీ వర్గీకరిస్తుంది. పక్కన ‘టీ’ అక్షరం ఉంటే నిలువు గోడ మీద టైలు కిందికి జారదని అర్థం. భారతీయ ప్రమాణం ఐఎస్ 15477 కూడా అడ్హెసివ్‌లను రకాలుగా విభజించింది. డబ్బాలో కలిపి సిద్ధంగా అమ్మే లేపనం నీరు ఆవిరైతేనే గట్టిపడుతుంది. నీటిని పీల్చని పెద్ద టైళ్ల వెనుక అది ఎంతకీ ఆరదు కాబట్టి, వాడుక తేలిక అన్న ఒక్క కారణంతో షవరు కింద దాన్ని వాడడం తగదు.

ఆధార తలం

తెలుగు ప్రాంతపు గోడ సాధారణంగా సిమెంటు పూత పూసిన ఇటుక గోడ. దాన్ని పరీక్షించడానికి పైనుంచి తూకపు గుండు వేలాడదీసి నిలువునూ, ఆరడుగుల సూటి పట్టీ ఆనించి ఎత్తుపల్లాలనూ, మూలమట్టంతో మూలలనూ చూస్తారు. ఒక అంచు 15 అంగుళాలకు మించిన టైళ్లకు పది అడుగుల నిడివిలో 3 మిల్లీమీటర్లకు మించిన ఎత్తుపల్లం ఉండకూడదన్నది అమెరికా ప్రమాణం. పల్లాన్ని అడ్హెసివ్ మందం పెంచి సరిచేయడం తప్పు. ముందే పూత వేసి ఆరనివ్వాలి. సున్నం, డిస్టెంపరు, పొరలుగా లేచే పాత పెయింటు ఉంటే గీకివేయాలి, ఎందుకంటే టైలు ఎంత గట్టిగా అతికినా అది అతికేది ఆ బలహీనమైన పొరకే.

అమెరికా, బ్రిటన్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఎదురయ్యే గోడ చాలాచోట్ల ఇటుకది కాదు. అది చెక్క చట్రానికి బిగించిన జిప్సం బోర్డు. బ్రిటిష్ పద్ధతిలో జిప్సం పూత ఉన్న గోడ చదరపు మీటరుకు 20 కిలోలు, పూతలేని ప్లాస్టర్ బోర్డు 32 కిలోల బరువు మాత్రమే మోయగలదని లెక్కిస్తారు. ఈ బరువులో అడ్హెసివ్, గ్రౌటు కూడా కలిసి ఉంటాయి. తడి తగిలే చోట జిప్సం బోర్డు బదులు సిమెంటు బోర్డు వాడతారు. చెక్క నేల విషయంలో దూలం వంపు దాని నిడివిలో 360వ వంతుకు మించకూడదు; అంటే 12 అడుగుల దూలం 0.4 అంగుళానికి మించి వంగకూడదు. చెక్క వంగినా టైలు వంగదు కాబట్టి ఈ పరిమితిని దాటితే ముందు గ్రౌటు, తర్వాత టైలు పగులుతాయి.

తేమ నిరోధక పొర, నీటి వాటం

తేమ నిరోధక లేపనాన్ని బ్రష్షుతో రెండు పూతలుగా, మొదటిది అడ్డంగా రెండోది నిలువుగా, పూస్తారు. గోడా నేలా కలిసే మూలల్లో, పైపుల చుట్టూ, మురుగునీరు పోయే నహానీ ట్రాప్ అంచున లేపనంలో గుడ్డ పట్టీని పొదుగుతారు. కట్టడంలోని కదలికలన్నీ ఈ చోట్లనే బయటపడతాయి. ఆరిన తర్వాత ట్రాప్‌ను మూసి, గదిలో నీరు నింపి, నీటి అంచున పెన్సిలుతో గీత గీసి, కనీసం 24 గంటలు ఉంచి, గీత నుంచి నీరు దిగిందో లేదో, కింది అంతస్తు కప్పు చెమ్మగిల్లిందో లేదో చూస్తారు. పరీక్షకు పట్టే ఒక రోజును ఆదా చేయాలనుకున్నవారికి తర్వాత మొత్తం టైల్స్ పగలగొట్టడం తప్ప మార్గం ఉండదు. ఆస్ట్రేలియాలోని కొన్ని రాష్ట్రాల్లో ఈ ఒక్క పనిని లైసెన్సు పొందినవారే చేయాలన్న నిబంధన ఉంది.

నీరు ట్రాప్ వైపు పారేలా నేలకు ఇచ్చే వాలును మేస్త్రుల వాడుకలో వాటం అంటారు. అడుగుకు పావు అంగుళం, అంటే సుమారు 2 శాతం, షవరు కింద ప్రామాణికం. ట్రాప్‌కు ఎనిమిది అడుగుల దూరాన ఉన్న గోడ వద్ద నేల రెండు అంగుళాలు ఎత్తుగా ఉండాలి. వాటాన్ని టైలు కింది పొరలోనే తీర్చాలి. రెండు వైపుల నుంచి వాటం ఉన్న నేల మీద పెద్ద టైలును వంచలేరు కనుక కర్ణాల వెంట కోయాల్సి వస్తుంది.

కొలతలు, అమరిక

ఎనిమిది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు ఉన్న గదిని ఉదాహరణగా తీసుకుంటే, దాని గోడల చుట్టుకొలత 26 అడుగులు. ఏడు అడుగుల ఎత్తు వరకు టైల్స్ వేస్తే 182 చదరపు అడుగులు. రెండున్నర అడుగుల తలుపును మినహాయిస్తే 164.5 మిగులుతుంది. ఒకటిన్నర చదరపు అడుగుల విస్తీర్ణం గల 12×18 అంగుళాల టైల్స్ 110 కావాలి, కోతల్లో పోయేవాటికి పది శాతం కలిపితే 121. మరమ్మతు కోసం నాలుగైదు టైల్స్ దాచుకోవడం మంచిది, ఎందుకంటే అదే నమూనా కొన్నేళ్ల తర్వాత దుకాణంలో దొరకదు.

అమరిక అంటే ఏ టైలు ఎక్కడ మొదలై ఎక్కడ కోతకు గురవుతుందో ముందే నిర్ణయించడం. పై గదిలో ఐదు అడుగుల గోడకు 18 అంగుళాల టైలును అడ్డంగా వేయాలనుకుంటే మూడు దారులున్నాయి. ఎడమ మూల నుంచి మొదలుపెడితే మూడు పూర్తి టైల్స్ పట్టి, కుడివైపు ఆరు అంగుళాల ముక్క మిగులుతుంది. గోడ నడిమధ్య ఒక టైలు మధ్యభాగం వచ్చేలా పెడితే రెండు చివర్లా మూడేసి అంగుళాల పీలికలు వస్తాయి, ఇవి కోయడానికీ కష్టం, చూడడానికీ బాగుండవు. గోడ మధ్యన సందు వచ్చేలా పెడితే నడుమ రెండు పూర్తి టైల్స్, రెండు చివర్లా పన్నెండేసి అంగుళాల ముక్కలు వచ్చి అమరిక సమంగా ఉంటుంది. సగం కన్నా చిన్న ముక్క రాకుండా చూడడమే ఇందులోని సూత్రం. దీన్ని కాగితం మీద లెక్కించడమే కాక, టైల్స్‌ను నేల మీద పొడిగా పేర్చి చూసుకోవాలి.

నేల ఎప్పుడూ సరిగ్గా మట్టంగా ఉండదు కనుక కింది వరుస నుంచి మొదలుపెట్టడం ప్రమాదకరం. రసమట్టంతో గానీ, నీళ్లు నింపిన సన్నని గొట్టంతో గానీ గది చుట్టూ మట్టం గీత గీసి, రెండో వరుస అడుగున వచ్చే ఆ గీత వెంట చెక్క పట్టీ బిగించి, దాని మీద నుంచి పైకి కట్టుకుపోతారు. అతుకు గట్టిపడ్డాక పట్టీ తీసేసి, నేల వంపుకు తగ్గట్టు కోసిన టైళ్లతో అడుగు వరుస పూర్తిచేస్తారు.

అతికించే విధానం

బక్కెట్టులో ముందు నీళ్లు, తర్వాత పొడి వేసి, నెమ్మదిగా తిరిగే డ్రిల్లుకు అమర్చిన తెడ్డుతో కలిపి, ఐదు పది నిమిషాలు వదిలి మళ్లీ కలపాలి. గట్టిపడడం మొదలైన మిశ్రమంలో నీళ్లు పోస్తే మెత్తబడుతుంది గానీ బలం పోతుంది. మిశ్రమాన్ని తాపీ చదును అంచుతో గోడకు గట్టిగా రుద్ది, ఆ పైన మరికొంత వేసి, నాచ్ ట్రోవెల్ అని పిలిచే పళ్ల తాపీతో ఒకే దిశలో గీయాలి. గుండ్రంగా తిప్పుతూ గీస్తే గాలి లోపల చిక్కుకుంటుంది. చిన్న గోడ టైళ్లకు 6 మిల్లీమీటర్ల పళ్లు సరిపోతాయి, పెద్దవాటికి 10 లేదా 12 కావాలి. టైలును గీతలకు అడ్డంగా కొద్దిగా ముందుకూ వెనక్కూ జరుపుతూ ఒత్తితే గీతలు కూలి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి.

అప్పుడప్పుడు ఒక టైలును ఊడదీసి వెనుక చూడడం ఈ పనిలో అత్యంత ఉపయోగకరమైన అలవాటు. తడి ప్రదేశాల్లో టైలు వెనుక కనీసం 95 శాతం, పొడి ప్రదేశాల్లో 80 శాతం మేర మిశ్రమం అంటుకొని ఉండాలన్నది అమెరికా ప్రమాణం. తాపీ గీతలు విడివిడిగా కనిపిస్తే పళ్లు చిన్నవైనా అయి ఉండాలి, ఒత్తిడి చాలకైనా ఉండాలి, లేదా మిశ్రమం పైన పొర కట్టి ఉండాలి. పొర కట్టిందో లేదో వేలితో తాకితే తెలుస్తుంది: వేలికి అంటకపోతే దాన్ని గీకి పారవేయాలి. మే నెల ఎండల్లో తెలుగు ప్రాంతంలో ఈ పొర ఊహించిన దానికన్నా ముందే కడుతుంది కాబట్టి, కొత్తవారు ఒకేసారి మూడు నాలుగు టైళ్లకు సరిపడా మాత్రమే పూయడం మేలు. మేస్త్రికి రోజుకూలి లెక్కన వేగం అవసరం. స్వయంగా చేసుకునేవారికి ఆ తొందర లేకపోవడమే అనుకూలత, ఆ అనుకూలతను వాడుకోకపోతే మిగతా అన్నింటిలో మేస్త్రిదే పైచేయి.

టైళ్ల మధ్య సందు సమంగా రావడానికి ప్లాస్టిక్ స్పేసర్లు పెడతారు. పొడవాటి టైళ్లను ఇటుక వరుసల్లా సగానికి సగం తప్పించి వేస్తే, కాల్చినప్పుడు మధ్యలో ఏర్పడే స్వల్ప వంపు పక్క టైలు అంచు వద్ద మెట్టులా తేలుతుంది. అందుకే ఆ తప్పింపును మూడో వంతుకు పరిమితం చేస్తారు.

కోత, గ్రౌటు

సెరామిక్ టైలును గీత గీసి విరిచే చేతి కట్టరుతో కోయవచ్చు. విట్రిఫైడ్ టైలుకూ, కుళాయి రంధ్రాలకూ వజ్రపు పొడి అంచు గల పనిముట్టు కావాలి, దాన్ని నీటితో తడుపుతూ వాడాలి.

అతికించిన 24 గంటల తర్వాత గ్రౌటు నింపుతారు. 3 మిల్లీమీటర్లకన్నా సన్నని సందులకు ఇసుక లేని గ్రౌటు, వెడల్పైనవాటికి ఇసుక కలిసిన గ్రౌటు సాధారణం. రబ్బరు పలకతో సందులకు ఏటవాలుగా రుద్ది, కొంత ఆరాక బాగా పిండిన స్పాంజితో తుడవాలి. నీళ్లోడే స్పాంజి రంగును కడిగేసి మచ్చలు మిగులుస్తుంది. తెలుగు ప్రాంతంలో వాడుకలో ఉన్న తెల్ల సిమెంటు చవక అయినా త్వరగా పగిలి మాసిపోతుంది. గోడా గోడా, గోడా నేలా కలిసే మూలల్లో మాత్రం గ్రౌటు కాక సిలికోన్ సీలెంటు నింపాలి, అక్కడ కదలికను తట్టుకోగల సాగే గుణం అవసరం (చూ. తేమ నిరోధక పొర).

ఆరోగ్యం, భద్రత

టైలును పొడిగా కోస్తే లేచే దుమ్ములోని స్ఫటిక సిలికా ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే నయంకాని వ్యాధికి దారితీస్తుంది. తడి కోత, తగిన మాస్కు రెండూ అవసరం. తడి సిమెంటు క్షార గుణం చర్మాన్ని కాలుస్తుంది, అందులోని క్రోమియం అలర్జీ కలిగిస్తుంది కనుక చేతి తొడుగులు వేసుకోవాలి. గోడకు రంధ్రం చేసేముందు విద్యుత్ సరఫరా ఆపి, తీగలు, పైపులు ఎక్కడ ఉన్నాయో చూసుకోవాలి. అమెరికాలో 1980లకు ముందు కట్టిన ఇళ్లలోని వినైల్ నేల పలకల్లోనూ వాటి జిగురులోనూ ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి పరీక్ష చేయించకుండా వాటిని పెకలించరాదు.

లోపాలు, సంరక్షణ

పని పూర్తయిన టైలును చెక్క ముక్కతో తడితే డొల్ల శబ్దం వచ్చిన చోట అతుకు అసంపూర్ణంగా ఉందని గుర్తిస్తారు. సందుల వెంట తెల్లని పొడి పూస్తుంటే వెనుక నుంచి నీరు లవణాలను మోసుకొస్తోందని అర్థం. పైన ఎన్నిసార్లు తుడిచినా నీటి దారి మూసేదాకా అది తిరిగి వస్తుంది. మూలల్లో నల్లబడిన సిలికోన్‌ను పూర్తిగా కోసి తీసి కొత్తది నింపాలి, పాతదాని మీద కొత్తది అంటదు.

తెలుగు ఇళ్లలో టైళ్ల మీది ఉప్పునీటి మరకలకు బాత్రూమ్ యాసిడ్ పేరుతో అమ్మే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వాడడం పరిపాటి. టైలు మెరుగు దాన్ని కొంతవరకు తట్టుకున్నా, సిమెంటు గ్రౌటు ఆమ్లంలో కరిగి ప్రతి కడుగుడుకూ కాస్త కాస్త లోతు తగ్గుతుంది. రెండు భాగాలుగా వచ్చే ఎపాక్సీ గ్రౌటు ఆమ్లాన్ని మెరుగ్గా తట్టుకుంటుంది, కానీ త్వరగా బిగుసుకుపోతుంది, తుడవడం ఆలస్యమైతే టైలు మీద పొరగా మిగిలిపోతుంది. అందువల్ల మొదటిసారి పని చేసేవారు దాన్ని చిన్న నేల భాగంతో మొదలుపెట్టి, కొద్ది కొద్దిగా కలుపుకోవడం వాడుక.